పెద్ద చేపలు బాలింతలకు

నేను చెప్పేదాంట్లో సగం కోసి పారేసి మిగిలింది వినాలని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది మా అమ్మ. ఇప్పుడు ఫ్రిస్కోలో మా వీధి పిల్లలకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. ఏదైనా చెప్పబోతే, "ఆంటీ, ఇది నిజంగా జరిగిందా, లేక మీకు మాత్రమే జరిగిందా?" అని ముందే అడిగేస్తున్నారు. కాబట్టి కోసుకునేవాళ్ళు కోసుకోండి. ఈసారి మాత్రం నేను కొత్తగా కలిపింది ఏమీ లేదు. కలపాల్సిందంతా పదేళ్ళ వయసులోనే కలిపేశాను.

మొన్న ఆకులు రాలే రోజుల్లో తమ్ముడు తాను పుట్టిన ఊరు చూడాలన్నాడు. ఇద్దరం వెళ్ళాం. మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున, నది వచ్చి కలిసే చోట, చిన్న ఊరు. సరస్సని పేరే గానీ అవతలి ఒడ్డు కనిపించదు. అలలుంటాయి, ఓడలుంటాయి, తుఫాను వస్తే మునిగిపోయేవాళ్ళుంటారు. నీళ్ళలోకి పొడుగ్గా కట్టిన రాతి గట్టు మీద చివరిదాకా నడిచాం. తమ్ముడు కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూశాడు.

"అక్కా, వాటర్ ఎంత క్లియర్‌గా ఉందో చూడు. ఫుల్‌గా క్లీన్ చేసేశారు."

అడుగున ఉన్న రాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్న మాట నిజమే. శుభ్రం చేసింది మాత్రం ఎవరూ కాదు. పరాయి సముద్రాల నుంచి ఓడల అడుగున నీళ్ళతోపాటు వచ్చిన గోరంత ఆల్చిప్పలు నేలంతా పరుచుకుని, నీళ్ళలో ఉన్న తిండినంతా వడగట్టి తినేశాయి. చిన్న చేపలకి తినడానికేమీ మిగల్లేదు. పస్తులున్న ఇంట్లో గిన్నెలు తళతళలాడుతున్నట్టు ఉన్నాయి ఆ నీళ్ళు. ఈ మాట వాడికి చెప్పలేదు. సంతోషంగా చూస్తున్నాడు, చూడనిచ్చాను.

గట్టు మొదట్లో ఒక బోర్డు ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు తమ్ముడు దాని ముందు ఆగాడు. వాడు చదవలేక కాదు. మాట మాటకీ వేలు పెట్టి, పెదాలతో అనుకుంటూ, నెమ్మదిగా చదువుతాడు. నలభై దాటినా అంతే. ఆ రోజు చలిగాలికి ఓపిక లేక కాబోలు, నా వైపు తిరిగాడు.

"ఏం రాశారక్కా?"

ఇదే చోట, ఇదే మాట నన్ను ఇంతకుముందు ఒకరు అడిగారు.

అప్పట్లో ఆ ఊరికి రెండు వాసనలుండేవి. గాలి నది మీద నుంచి వస్తే కుళ్ళిన గుడ్ల వాసన. అది నాన్న ఇంజనీరుగా పనిచేసే కాగితాల మిల్లుది. సరస్సు మీద నుంచి వస్తే చేపల వాసన. మిల్లులో ఏ రంగు కాగితం చేస్తే నది ఆ రోజు ఆ రంగులో పారేది. పొద్దున్నే నదికి రంగు వేసేది మా నాన్నేననీ, రేపేం రంగు వెయ్యాలో రాత్రి అన్నాల దగ్గర నన్నే అడుగుతాడనీ బడిలో చెప్పాను. సగం క్లాసు నమ్మింది. మిగతా సగం ఆకుపచ్చ వెయ్యమని సిఫారసుకి వచ్చింది.

మంచు కరిగే రోజుల్లో తమ్ముడు పుట్టాడు. పురిటి సాయానికి కాకినాడ నుంచి అమ్మమ్మ వచ్చింది. పెట్టె నిండా చింతపండు, వెల్లుల్లి, మెంతులు, కాయపు ముద్ద. చీర మడతల్లో ఎండు నెత్తళ్ళు. ఆ వాసనకి విమానం నడిపేవాడు దారి తప్పి మూడు దేశాల మీద చక్కర్లు కొట్టాడని నేను ఊళ్ళో ప్రచారం చేశాను.

వచ్చిన మూడో రోజున ఆవిడకి సరస్సు చూపించడానికి తీసుకెళ్ళాను. ఇంటి నుంచి పది నిమిషాల నడక. అలల్ని చూసి ఆవిడ మొహం విచ్చుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వంగి, దోసెడు నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకుంది. తర్వాత నా వైపు అనుమానంగా చూసింది, ఇందులోనూ నా కల్పన ఏదో ఉన్నట్టు.

"ఏంటే, ఉప్పేదీ?"

"దీంట్లో ఉండదమ్మమ్మా."

"ఇంత సముద్రానికి ఉప్పు లేకపోతే ఎలా నిలవుంటదే? కుళ్ళిపోదూ?"

ఇంట్లో కష్టం వేరే ఉంది. అమ్మకి పాలు చాలడం లేదు. తమ్ముడు పగలంతా గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆసుపత్రివాళ్ళు పాలపొడి డబ్బా ఇచ్చారు. అమ్మమ్మ దాన్ని అటకెక్కించింది. "డబ్బా పాలు తాగితే డబ్బా మాటలే వస్తాయి" అంది. మా వైపు బాలింతకి పాలు పడాలంటే సొరచేప పెడతారు. ఉడకబెట్టి, చిదిపి, వెల్లుల్లీ మిరియాలూ వేసి పిట్టు చేస్తారు. అది తిన్న తల్లికి పాలు పొంగుతాయని నమ్మకం. ఉప్పు లేని సముద్రంలో సొర ఎక్కడిది?

"సొర లేకపోతే దాని తమ్ముడెవడో ఉండకపోడు" అంది అమ్మమ్మ. "పెద్దదై, ఒంటికి నెయ్యి పట్టిన చేప కావాలి. పదవే."

అలా బడి లేని ప్రతి రోజూ ఇద్దరం గట్టు మీదికి వెళ్ళడం మొదలైంది. అక్కడ గాలం వేసుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. పూర్వం వలల పడవ ఉండేదట, చేపలు లేక అమ్మేశాడట. ముందు పళ్ళు రెండు లేవు. తల మీద చెవులు కప్పే ఊలు టోపీ. మొదటిరోజే అమ్మమ్మ ఆయన బకెట్లోకి తొంగిచూసి, చేప మొప్పలెత్తి ఎరుపు పరీక్షించి, "ఫర్లేదు, తెలిసినవాడే" అంది. ఆయనేమో అమ్మమ్మ చెప్పులూ సాక్సూ చూసి కంగారుపడ్డాడు.

వాళ్ళిద్దరికీ మధ్య ఉమ్మడి మాట ఒక్కటి లేదు. నేనున్నాను. అంతకన్నా పండగ నాకింకేముంటుంది? ఇంట్లో తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ నాతో "ఉష్, వాడు లేస్తాడు" తప్ప ఇంకో మాట ఎవరూ మాట్లాడ్డం లేదు. ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు నా నోటివైపు చూస్తూ కూర్చునేవారు.

"ఇవాళ గాలి ఎక్కువగా ఉంది" అనేవాడు ఆయన.

"ఈయన కుర్రతనంలో సరస్సు గడ్డకడితే ఆవుని భుజాన వేసుకుని అవతలి ఒడ్డుకి నడిచెళ్ళాడట" అనేదాన్ని నేను.

"ఆవుని అమ్మడానికా, మేపడానికా?" అని అమ్మమ్మ.

"మీ కళ్ళలో రాజయోగం ఉందంటోంది మా అమ్మమ్మ" అని నేను ఆయనకి. ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని వంగేవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపుకునేవారు.

ఆయన చెప్పిన ఒక్క కథ మాత్రం కలపకుండా అమ్మమ్మకి చెప్పాను, ఎందుకంటే దానికి కలపాల్సిన అవసరం లేకపోయింది. ఓడల కోసం కాలవలు తవ్వారట. ఆ దారిన సముద్రం నుంచి జలగలాంటి చేప వచ్చి, పెద్ద చేపల్ని పట్టుకుని రక్తం పీల్చేసిందట. పెద్దవి పోయేసరికి, అదే దారిన వచ్చిన వెండిరంగు చిన్న చేపలు పుట్టలు పుట్టలుగా పెరిగి, ఎండలు రాగానే గుట్టలుగా చచ్చి ఒడ్డుకొచ్చాయట. వాటిని తినడానికని ఇంకో సముద్రం నుంచి ఇంకో పెద్ద చేపని తెచ్చి వదిలారట.

అమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "గోచీ కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునీ తెచ్చుకున్న సన్యాసి సంసారంలా ఉందే."

రెండో వారం ఆయన గాలానికి పెద్ద చేప పడింది. సరస్సు ట్రౌట్. అమ్మమ్మ చేత్తో కొలిచింది: మూరా, మీద జానెడు. పొట్ట నొక్కి చూసి, "నెయ్యి, తల్లీ, అంతా నెయ్యే" అంది. ఆయన దాన్ని పాత పేపర్లో చుట్టి ఆవిడ చేతుల్లో పెట్టాడు. అది మోసుకొస్తూ గట్టు మొదట్లో బోర్డు దగ్గర ఆగింది. దాని మీద చేప బొమ్మ ఉంది.

"ఏం రాశారే?"

నాకు చదవడం బాగా వచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లలూ ఈ సరస్సులోని పెద్ద ట్రౌట్లు తినకూడదని ఉంది. పెద్ద చేపల్లో రసాయనాలు ఎక్కువగా చేరతాయని ఉంది. మిగతావాళ్ళు తిన్నా తోలూ కొవ్వూ తీసేసి వండుకోవాలని ఉంది. అదంతా చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. చేప నీళ్ళలోకి పోతుంది. మేం ఇంటికి పోతాం. మళ్ళీ రాం. ఆ ఇంట్లో నేను ఉష్ అని మునివేళ్ళ మీద నడుచుకుంటూ బతకాలి.

చేపని చూశాను. మెరుస్తూ ఉంది. దానిలో చెడ్డదేదీ కనిపించలేదు.

"పెద్ద చేపలు బాలింతలకు వదిలెయ్యాలట" అన్నాను. "మగవాళ్ళు చిన్నవి తినాలట. కొవ్వు పారేస్తే జరిమానా అట."

అమ్మమ్మ ఆ బోర్డు వైపు చూసింది. "చూశావా," అంది, "ఎక్కడైనా ఆడదానికి పాలెలా పడతాయో తెలిసినవాళ్ళు ఒకరుంటారు." బోర్డుకి దణ్ణం పెట్టబోయింది గానీ చేతుల్లో చేప ఉంది.

బాలింత వంట మా ఇళ్ళలో వేరు. ఆ గిన్నె జోలికి మగవాళ్ళు పోరు, పిల్లల్ని పోనివ్వరు. నాన్నకి మామూలు కూరా చారూ. అందువల్ల ఆ చేప మొత్తం అమ్మకే. అమ్మమ్మ తోలు తియ్యలేదు. పొట్టలోని కొవ్వు చెంచాతో గీకి తీసి, అది కరిగాక అందులోనే వెల్లుల్లి వేయించింది. ఆ వాసన ఇప్పటికీ నాకు నోరూరిస్తుంది, అదే నా మీద నాకు కోపం.

పాలు పడ్డాయి. చేప వల్లో, అమ్మమ్మ ధైర్యం వల్లో, వేళకి తిండి వల్లో, పడ్డాయి. అమ్మ జాకెట్టు తడిసిపోయేది. తమ్ముడు ఏడుపు మానేసి బుగ్గలు పెంచాడు. అమ్మమ్మ వాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తూ పాడేది: "చిన్న చేపని పెద్ద చేప తిన్నాది, పెద్ద చేపని అమ్మ తిన్నాది, అమ్మని ఈ దొంగాడు తింటన్నాడు." ఆ చివరి మాట దగ్గర వాడి పొట్టలో వేలు పెట్టేది. వాడు కిలకిలలాడేవాడు.

ఒకరోజు గట్టు మీద ముసలాయన గాలం పక్కన పెట్టి నన్నడిగాడు.

"కిడ్డో, ఇంత చేప మీ ఇంట్లో ఎవరు తింటారు? చంటిపిల్లలు గానీ, పిల్లల తల్లులు గానీ లేరు కదా?"

"లేరు. మా ఇంట్లో అందరూ ముసలివాళ్ళే. నేనొక్కదాన్నే చిన్నదాన్ని. నాకు చేపంటే పడదు."

"ఏమంటున్నాడే?" అంది అమ్మమ్మ.

"నీ వంట అదృష్టం తనకి లేదని బాధపడుతున్నాడు."

వారానికో చేప చొప్పున ఎండలు వచ్చేదాకా సాగింది. ఎండలతోపాటు ఆ వెండి చేపల చావూ వచ్చింది. ఒక పొద్దున లేచేసరికి ఒడ్డంతా తెల్లగా ఉంది. మంచనుకున్నాను. మోకాలి ఎత్తున చేపలు, ఈగలు. ఊరంతా కిటికీలు మూసుకుంది. అమ్మమ్మ ఒకసారి వచ్చి చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చెప్పాను కదే, ఉప్పు లేదని" అంది. ఆ పైన రెండు వారాలు మేం గట్టుకి పోలేదు.

మూడో వారం, ఆదివారం మధ్యాహ్నం, ముసలాయనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో పేపర్ చుట్ట. ముసలమ్మకి ఒంట్లో బాగాలేదేమోనని వచ్చానన్నాడు. ఎండ కోసం అమ్మ గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది, తమ్ముడు ఒళ్ళో పాలు తాగుతున్నాడు. ఆయన వాకిట్లోనే ఆగిపోయాడు.

"నేనిచ్చిన చేపలు ఎవరు తిన్నారమ్మా?"

అమ్మ నవ్వింది. "నేనే. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మీ వల్లే నాకు పాలు పడ్డాయి."

ఆయన మెట్ల కింద గడ్డిలో కూలబడ్డాడు. టోపీ తీశాడు. ఈసారి రాజయోగానికి కాదు. నేను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను.

నాన్నని పిలిచి ఆయన ఏం చెప్పాడో నేను వినలేదు. నాన్న కారు తీసుకుని గట్టుకి వెళ్ళి, బోర్డు చదువుకుని, పావుగంటలో తిరిగొచ్చాడు. మా ఇంట్లో అల్లుడు అత్తగారి ముందు గొంతెత్తడు. ఆ రోజూ ఎత్తలేదు.

"అత్తయ్యగారూ, ఆ చేపలో విషం ఉంటుందండీ. యంత్రాల నూనెల్లో, కాపీ కాగితాల్లో వాడే మందు. ఇప్పుడు ఆపేశారు గానీ నదిలో, సరస్సు అడుగు బురదలో అలాగే ఉంది. మా మిల్లుల నుంచి పోయిందే. కొవ్వులో చేరుతుంది, పోదు. చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, పెద్ద చేపలోంచి..." అక్కడ ఆగి తమ్ముణ్ణి చూశాడు. అమ్మమ్మకి మిగతాది తెలుసు. రోజూ పాడేదే.

"అక్కడ బోర్డు పెట్టారు కదండీ. మీరు చూళ్ళేదా?"

"చూశాను బాబూ. చదివించుకున్నాను."

గదిలో అందరూ నా వైపు తిరగబోతున్నారు. అమ్మమ్మ ముందు తిరిగింది. నా మొహంలో ఏముందో చదవడానికి ఆవిడకి ఇంగ్లిషు అక్కర్లేకపోయింది. మళ్ళీ నాన్న వైపు తిరిగింది.

"పిల్ల చెప్పింది. తినకూడదనే చెప్పింది. నేనే చెవిని పెట్టలేదు. ఇక్కడి దొరలకేం తెలుసు మన పథ్యమని, పొగరుకొద్దీ వండాను. తప్పు నాది అల్లుడుగారూ."

జీవితంలో నేను మాట్లాడాల్సిన ఒకే ఒక్క సమయంలో నాకు ఒక్క మాట రాలేదు.

డాక్టరు పాలు ఆపెయ్యడం మంచిదన్నాడు. పొంగుతున్న పాలు ఆపడం, పాలు పడేట్టు చెయ్యడం కన్నా కష్టం. మా వైపు రొమ్ము మీద మల్లెపూలు కడతారు. ఆ ఊళ్ళో మల్లెలెక్కడివి? నర్సు క్యాబేజీ ఆకులు పెట్టమంది. అమ్మమ్మ ఒక్కో ఆకూ చల్లటి నీళ్ళలో ముంచి, పెట్టి, గుడ్డతో బిగించి కట్టేది. అమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చేది. పక్కగదిలో తమ్ముడు ఏడ్చేవాడు. నేను అటక మీంచి డబ్బా దించాను. అమ్మ చాలా కాలం అమ్మమ్మతో అడిగినదానికి జవాబే తప్ప మాట్లాడలేదు.

ఆవిడ ప్రయాణం రోజుకి ఒడ్డున చేపల్ని ట్రాక్టర్లతో ఎత్తి పోశారు గానీ వాసన పోలేదు. విమానాశ్రయంలో నా జడ సరిచేస్తూ అమ్మమ్మ నాకు మాత్రమే వినిపించేట్టు ఒక్క మాట అంది.

"బోర్డులు సరిగా చదువుకో తల్లీ."

అంతే. తిట్టలేదు. తర్వాత ఆవిడ మళ్ళీ చేప వండలేదని, తినలేదని మావయ్య రాశాడు. సముద్రం పక్కనే ఉంటూ. ప్రతి ఉత్తరంలోనూ చివర ఆవిడ అడిగించే ప్రశ్న ఒకటే ఉండేది: పిల్లాడికి మాటలొచ్చాయా?

తమ్ముడికి నాలుగేళ్ళ దగ్గర పడేదాకా మాటలు రాలేదు. లెక్కలు వాడి తలలో నిలవలేదు. చదువు నెమ్మది. ఆ చేపల వల్లనా అంటే ఏ డాక్టరూ అవునన్లేదు, కాదన్లేదు. అలాంటి పిల్లలు ఏ చేపా తినని ఇళ్ళలోనూ ఉంటారన్నారు. నేను వాడి పక్కన కూర్చుని కథలు చెప్పేదాన్ని. రెండు చేతులూ చాచి "ఇంత చేప" అనేదాన్ని. వాడు చూసేవాడు. ఇంకా చాచేదాన్ని. ఒకరోజు చేతులు ఆపేస్తే వాడే అన్నాడు, "ఇంకా" అని. వాడి మొదటి మాట అది. అమ్మమ్మకి ఉత్తరం రాశాం. అది చేరేసరికి ఆవిడ లేదు.

ఈసారి తమ్ముడికి బోర్డు చదివాను. గాలికి కళ్ళలో నీళ్ళొస్తున్నా ఆపకుండా, ఒక్కో వరసా తెలుగు చేసి, ఏ చేప, నెలకి ఎన్నిసార్లు, ఎవరు అసలు ముట్టకూడదు, అంతా. బోర్డు అప్పటికన్నా పొడుగైంది.

"ఓకే," అన్నాడు తమ్ముడు. "పాపం అమ్మమ్మ. నువ్వు చెప్పినా వినలేదని నాన్న అనేవాడు కదా."

అప్పుడు చెప్పాను. ఆవిడ విన్నదనీ, నేను చెప్పిన ప్రతి మాటా విన్నదనీ. నేనేం చెప్పానో అదీ. వాడు నీళ్ళ వైపు చూస్తూ విన్నాడు. చివరికి వాడి మొహం మీదికి చిన్నప్పటి నవ్వు వచ్చింది, నేను కథ మొదలుపెడితే వచ్చే నవ్వు.

"అక్కా, నీకు ప్రతి స్టోరీలో నువ్వే ఉండాలి. సరే, ఆ ఫస్ట్ చేప ఎంత ఉంది?"

రెండు చేతులూ చాచాను. మూరా, మీద జానెడు.

"ఇంకా," అన్నాడు.

నా చేతులు కదల్లేదు. వాడు వాటినే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి వాడి నవ్వు ఆగింది.